రేగడిలో ఏరిన మాటలు

2017 మే నెలలో శశి థరూర్ ట్విట్టర్‌లో 'ఫరాగో' అన్నారు. ఆ పూట దేశంలో ఇంగ్లిషు వచ్చిన ప్రతి ఇంటా నిఘంటువు తెరుచుకుంది. కలగూరగంప అని దానికి మనం చెప్పుకునే అర్థం. లాటిన్‌లో మాత్రం అది మొదట పశువుల తొట్టిలో వేసే కలగలుపు మేత. మరుసటి ఏడాది ఆయన ఇంకో మాట వదిలారు: ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. దేన్నైనా పూచికపుల్లలా తీసిపారేయడమని భావం. దాన్ని తడబడకుండా పలకడమే కొన్నాళ్లపాటు పిల్లల పందెం అయింది. ఇంగ్లిషు మాటలు పోగుచేసే సరదా మన దేశంలో అంతకుముందూ ఉంది గానీ, ఆ రెండేళ్లలో అది వాట్సాప్ గ్రూపులకెక్కి ఊరూవాడా తిరిగింది.

పోగుచేసేవాళ్లలో రకాలున్నాయి. కొందరికి పొడుగు కావాలి. మాట ఎంత పొడుగైతే వాళ్లకంత సంబరం. కొందరికి చప్పుడు కావాలి. ఆకుల గలగలకు 'సుసరస్' అన్న మాట ఉందని తెలిసిన రోజున వాళ్లకు నిద్రపట్టదు. ఇంకొందరు పుట్టుక వెతుకుతారు. ఈ మూడో రకంవాళ్లకే అసలు విందు దొరుకుతుందని ఈ వ్యాసకర్త నమ్మకం. తొలి చినుకులకు నేల నుంచి లేచే వాసనకు ఇంగ్లిషువాళ్లు 'పెట్రికోర్' అంటారని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ మాట 1964లో పుట్టింది. ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసం కోసం గ్రీకు ముక్కలు రెండు అతికి దాన్ని తయారుచేశారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆ వాసననే గంధపు నూనెలోకి దింపి మట్టి అత్తరుగా అమ్మడం అప్పటికే పాత వృత్తి. అత్తరు కట్టినవాడి మాటను పక్కన పెట్టి ప్రయోగశాల మాట లోకమంతా తిరగడం మాటల చరిత్రలో మామూలే.

ఈ సరదాను పరీక్షించడానికి కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఇళ్లకంటే మంచి చోటు ఇంకొకటి తట్టదు. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిషు. తెలుగు చదవడం, రాయడం చాలామందికి తెలియదు. మాట్లాడటం మాత్రం ఎన్నో తరాలుగా మానలేదు. 1371లో విజయనగర రాకుమారుడు కంపన మదురై సుల్తానులను ఓడించినప్పటి నుంచి తెలుగువాళ్లు దక్షిణానికి దిగుతూనే ఉన్నారు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై గద్దె ఎక్కి, దేశాన్ని 72 పాళయాలుగా విడగొట్టి పంచాక ఆ రాక మరింత పెరిగింది. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజులు, రాజకంబళం నాయకులు, దేవాంగులు, ఒడ్డెరలు, అరుంధతీయులు, ఎవరి దారిన వాళ్లు వచ్చి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. నూటికి ఆరుగురికి కాస్త తక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కల్లో తమిళమని రాయించుకున్నవాళ్లు ఇందులో లేరు.

అటువంటి ఇంటి పిల్ల ఒక నోటుపుస్తకంలో అందమైన ఇంగ్లిషు మాటలు రాసుకుంటోందనుకుందాం. మొదటి పేజీలో తప్పకుండా 'సెరెండిపిటీ' ఉంటుంది. ఏ జాబితాలోనైనా దానిదే పై పీట. అనుకోకుండా మంచిది తారసపడటం దాని అర్థం. ఆ మాటను హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లిషు దొర 1754 జనవరి 28న ఒక ఉత్తరంలో పుట్టించాడు. సెరెండిప్ రాకుమారులు ముగ్గురి కథ ఒకటి చదివి, ఆ పేరుతో మాట కట్టాడు. సెరెండిప్ అంటే సింహళం. సరిగ్గా ఆ రోజుల్లో అక్కడ కండి రాజ్యాన్ని ఏలుతున్నది ఎవరు? మదురై నాయకుల బంధువర్గానికి చెందిన కీర్తి శ్రీ రాజసింహుడు. 1739 నుంచి 1815 దాకా కండి సింహాసనం మీద కూర్చున్నవాళ్లందరూ ఆ వంశంవాళ్లే. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లిషువాళ్లు వెల్లూరు కోటలో బందీగా పెట్టారు. 1832లో ఆయన అక్కడే కన్నుమూశాడు. లండన్‌లో కూర్చున్న వాల్పోల్‌కు ఈ సంగతులేవీ తెలిసి ఉండవు. మదురై పిల్లకు తెలిస్తే మాత్రం ఆ మాట మొదటి పేజీ నుంచి కదలదు.

ఇలాంటి ఆటకు పెద్ద గని ఒకటుంది: 1886లో లండన్‌లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్'. మన దేశంలో దొరలు వాడిన మాటల నిఘంటువు అది. పేరే తమాషాగా ఉంటుంది. మొహర్రం ఊరేగింపులో 'యా హసన్, యా హుసేన్' అని జనం గుండెలు బాదుకుంటుంటే ఇంగ్లిషు సిపాయిల చెవికి వినిపించిన వికారమే ఆ పేరు. దాన్ని కట్టినవాళ్లు హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. తంజావూరులో జడ్జిగా ఉండి, సరస్వతీ మహల్‌లోని సంస్కృత తాళపత్రాలకు పట్టిక రాసిన పండితుడు. పుస్తకం అచ్చులో చూడకుండానే 1882లో పోయాడు. 1872లో ఉత్తరాలతో మొదలైన పనిని యూల్ ఒంటరిగా ముగించాడు.

ఆ పుస్తకంలో 'పోలిగార్' ఉంది. తమిళంలో పాళయక్కారన్, తెలుగులో పాలెగాడు. విశ్వనాథ నాయకుడు పంచిన 72 పాళయాలవాళ్లే ఇంగ్లిషు దొరల నోట పోలిగార్లు అయ్యారు. వాళ్లతో జరిగిన యుద్ధాలకూ ఇంగ్లిషు చరిత్రలో అదే పేరు. తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకుల ఇంట పుట్టిన కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీసింది ఆ యుద్ధాల్లోనే. మాట అక్కడితో ఆగలేదు, కుక్క మీదికి వెళ్లింది. రాజపాళయం వేటకుక్కను ఇంగ్లిషులో 'పోలిగార్ హౌండ్' అనేవాళ్లు. రాజపాళయం తెలుగు రాజులు స్థిరపడిన ఊరు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. రాజ్యాలు పోయినా తెల్లని ఒళ్లూ గులాబి ముక్కూ ఉన్న ఆ కుక్క మాత్రం ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పొలాలకు కాపలా.

ఇంకా దూరం ప్రయాణించిన మాట 'బ్యాండికూట్'. దీనికి వంశవృక్షం వెతకనక్కర్లేదు. పైకి పలికితే చాలు, పందికొక్కు. హాబ్సన్-జాబ్సన్ కూడా తెలుగుదేనని తేల్చింది. గోదాముల్లో ధాన్యం తిని గట్లు తవ్వే ఆ జంతువు పేరు మొదట మద్రాసు దొరల కాగితాల్లోకి ఎక్కింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లిషువాళ్లకు ముక్కు పొడుగ్గా, వీపు గుండ్రంగా ఉన్న ఒక చిన్న జంతువు కనపడితే, దానికీ ఈ పేరే తగిలించారు. అది ఎలుక జాతి కానే కాదు. కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జంతువు. పేరు అంటుకుంది, ఇక ఊడలేదు. పైన ఆకులు కదలకుండా మట్టిలోంచి బంగాళాదుంపలు దొంగిలించడాన్ని ఆస్ట్రేలియావాళ్లు 'బ్యాండికూట్ చేయడం' అంటారు. జీవశాస్త్రజ్ఞులు మన అసలు పందికొక్కుల ప్రజాతికి 'బ్యాండికోటా' అని లాటిన్ తోక తగిలించారు. 1996లో ప్లేస్టేషన్ వీడియో గేమ్ ఒకటి వచ్చింది, 'క్రాష్ బ్యాండికూట్'. నారింజరంగు బొచ్చుతో గంతులేసే ఆ బొమ్మను కోయంబత్తూరు పిల్లలూ ఆడించి ఉంటారు. నాయనమ్మ తిట్టే తిట్టు తమ చేతిలో గెంతుతోందని ఎంతమందికి తట్టిందో!

ఆ మాట చివరి మజిలీ మరీ దగ్గరది. మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకుండా మురుగు తోడే ఒక రోబోను 2018లో కేరళ యువ ఇంజనీర్లు తయారుచేసి 'బ్యాండికూట్' అని పేరు పెట్టారు. కుంభకోణంలాంటి తమిళ పట్టణాలకూ అది వచ్చింది. తమిళనాడు పడమటి జిల్లాల్లో పారిశుధ్య పనిలో ఎక్కువగా ఉన్నది అరుంధతీయులు. వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. ఆ పనిలో ఊపిరాడక చనిపోయినవాళ్లలో వాళ్లు ఎందరో ఉన్నారు. మద్రాసు దొర చేతిలో పడి, ఆస్ట్రేలియా చుట్టి, వీడియో గేమ్‌లో గెంతి, ఇన్నేళ్లకు ఆ తెలుగు మాట తెలుగువాళ్ల ప్రాణం కాచే యంత్రానికి పేరై ఇంటిదారి పట్టింది. కోయంబత్తూరు తెలుగంటే మిల్లు యజమానుల తెలుగు గురించే రాయడం పత్రికలకు అలవాటు. 2009లో తమిళనాడు ప్రభుత్వం మూడు శాతం ప్రత్యేక కోటా ఇచ్చేదాకా అరుంధతీయుల ఉనికినే చాలామంది గమనించలేదు, వాళ్ల తెలుగు సంగతి చెప్పేదేముంది.

'జెంటూ' గురించి రెండు ముక్కలు. ఒకప్పుడు మద్రాసు దొరలు తెలుగు భాషను అలా పిలిచేవాళ్లు. పోర్చుగీసు నుంచి వచ్చిన పేరు. తెలుగు వ్యాకరణ గ్రంథాల మీద కూడా ఆ పేరు అచ్చయింది. తెలుగుకు అది చెల్లిపోయింది గానీ, అంటార్కిటికా చుట్టుపక్కల తిరిగే ఒక పెంగ్విన్ పక్షికి అంటుకుని బతికింది. పక్షికి ఆ పేరెందుకన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

నోటుపుస్తకంలో అన్నిటికంటే నెమ్మదిగా రాసుకోవాల్సిన మాట 'రీగర్'. పత్తి పండే నల్ల నేలకు భూగోళ పాఠాల్లో ఇప్పటికీ వాడే ఇంగ్లిషు పేరది. పలకగానే రేగడి వినపడుతుంది. హాబ్సన్-జాబ్సన్ కట్టినవాళ్లు ఇక్కడ కొంచెం తటపటాయించారు. పారసీకంలో ఇసుకకు 'రేగ్' అన్న మాట ఉంది కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉందేమోనని ఒక అనుమానం పడేశారు. ఇసుకకూ నల్లరేగడికీ ఉన్న దూరం ఆ నేలలో ఒక్క వానాకాలం నడిచినవాడికి తెలుస్తుంది. చెప్పు ఊడదీసుకోవడానికి రెండు చేతులూ కావాలి. తరవాతి పుస్తకాలు చాలావరకు తెలుగు రేగడివైపే మొగ్గాయి.

ఆ మాట ఇక్కడివాళ్లకు మరీ దగ్గరి చుట్టం కావడానికి వేరే కారణముంది. దక్షిణానికి దిగిన తెలుగు రైతులు ఎక్కువగా ఎక్కడ ఆగారో చూస్తే, నది పక్కన తడి నేలల్లో కాదు. అవి అప్పటికే తమిళ రైతుల చేతుల్లో ఉన్నాయి. వాన మీద ఆధారపడే నల్లరేగళ్లు ఖాళీగా ఉండేవి. బావి తవ్వడం, మెట్ట సేద్యం తెలిసినవాళ్లకు అవి పనికొచ్చాయి. బర్టన్ స్టయిన్, డేవిడ్ లడెన్ వంటి చరిత్రకారులు ఈ సంగతిని వివరంగా రాశారు. కోయంబత్తూరు చుట్టూ, మదురై నుంచి తిరునెల్వేలికి వెళ్లే దారి పొడుగునా, తెలుగు ఊళ్ల పటమూ నల్ల నేల పటమూ చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. ఆ నేల మీద పత్తి, పత్తి చుట్టూ మిల్లులు. 1888లో స్టేన్స్ దొర మిల్లుతో మొదలైన కోయంబత్తూరు నూలు వ్యాపారంలో 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్స్ వచ్చి చేరింది. రాజపాళయం మిల్లు 1936ది. మిల్లు గేటు దాటితే ఇంగ్లిషు మాటల ఇంకో జాతర: స్పిండిల్, బాబిన్, డాఫింగ్. వాటి పక్కనే మగ్గం గుంటలో దేవాంగుల పడుగు, పేక, నాడె, కండె. రెండు వరసలూ ఒకే నూలు గురించి మాట్లాడతాయి.

మాటలు ఒకవైపే పోలేదు. తమిళ పండితులు తమ భాషలో తెలుగు నుంచి వచ్చినవని చూపే మాటలు చాలా ఉన్నాయి: చొక్కా, రవిక్కై, కొలుసు, పండిగై, ఎచ్చరిక్కై, వేడిక్కై. వీటిలో బట్టలూ నగలూ పండుగలూ ఎక్కువ కనిపించడం చూస్తే, తెలుగువాళ్లు వట్టి కత్తులు పట్టుకునే రాలేదని తెలుస్తుంది. ఆఖరి మాట మన వేడుకే. మనకు అది సంబరం. వాళ్లకు నిలబడి చూసే తమాషా. తమిళుడు 'వేడిక్కై పార్తాన్' అంటే పని మానుకుని గుడ్లప్పగించి చూశాడని. మన పెళ్లి సందడిని పక్కింటి గోడ మీంచి చూసినవాడి చూపు ఆ మాటలో ఉండిపోయింది కాబోలు.

ఇంత సందడి చెప్పుకున్నాక ఒక నష్టం సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మొట్టమొదట రుజువుతో రాసినవాడు మద్రాసు దొరల్లో ఒకడైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఆ రుజువు అచ్చయింది. దాన్ని నిలబెట్టింది ఉపన్యాసం కాదు, మాటల జాబితా. మద్రాసు కాలేజీలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను ఎల్లిస్ పక్కభాషల ధాతువులతో పోల్చి చూపాడు. మూడేళ్లకు, 1819లో, ఎల్లిస్ మదురై పక్కన రామనాథపురంలో పొరపాటున విషం పుచ్చుకుని చనిపోయాడు. జీవితమంతా పోగుచేసిన కాగితాలు మదురై కలెక్టరు బంగళాకు చేరాయి. వంటవాడు వాటితో నెలల తరబడి పొయ్యి రాజేశాడని, కోళ్ల ఈకలు కాల్చాడని మద్రాసు ఉద్యోగి వాల్టర్ ఎలియట్ తరవాత రాశాడు. ఆ కట్టల్లో ఏయే ఊళ్ల మాటలు కాలిపోయాయో! బంగళాలో ఒక్కడికైనా వాటి విలువ తెలియకపోవడం వింతే.

భాషకు పెద్ద ఉద్యోగులు చేసిన సేవ అలా ఉంటే, చదువు లేనివాళ్లు చేసిన సేవ ఇంకోలా ఉంది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర 1855లో పుట్టిన జోసెఫ్ రైట్ ఆరేళ్ల వయసులో రాళ్ల గనిలో గాడిద తోలాడు. ఏడేళ్లకు సాల్టెయిర్ ఉన్ని మిల్లులో డాఫర్. అంటే నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టే కుర్రాడు. పదిహేనేళ్లదాకా చదవడం రాదు. ఆ మనిషి ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పల్లె ఇంగ్లిషు మాటలను 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాలుగా అచ్చువేశాడు. ఊరూరి నుంచి వచ్చిన చీటీల బరువే ఒక టన్ను అని చెప్పుకుంటారు. కోయంబత్తూరు మిల్లుల్లో రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఆ కుర్రాడి పనేమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనవైపు రైట్‌కు జోడీ కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో, తెలుగు మాట్లాడే రైతు ఇంట పుట్టిన కి.రా. బడి చదువు హైస్కూలు కూడా ముగియలేదు. ఆ చుట్టుపక్కల నల్ల నేలను తమిళంలో కరిసల్ అంటారు. ఆ నేల కథలు తప్ప వేరేవి ఆయన పెద్దగా రాయలేదు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' తెలుగుదేశం నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చి, అడవి నరికి, ఊరు కట్టుకున్న కుటుంబాల కథ. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చింది. అదే ఊళ్లో పుట్టిన చిన్ననాటి నేస్తం కు. అళగిరిసామికి కూడా, చనిపోయాక, 1970కి గాను ఆ బహుమతి వచ్చింది. ఒక చిన్న పల్లె, ఇద్దరు అకాడెమీ రచయితలు, ఇద్దరి ఇంటి భాషా తెలుగే. ఇద్దరూ రాసింది తమిళం.

కథలకంటే ఇక్కడ మనకు కావలసింది కి.రా. చేసిన ఇంకో పని. 1980ల తొలినాళ్లలో ఆయన మిత్రుల సాయంతో కరిసల్ నేల మాటలకు ఒక నిఘంటువు కూర్చారు. తమిళంలో ఒక ప్రాంతపు వాడుక మాటలకు వచ్చిన మొదటి నిఘంటువుగా దాన్ని చెబుతారు. పొలంలో, పశువుల పాకలో, పెళ్లి పందిట్లో, తగాదాలో వినపడే మాటలకు అందులో పీట వేశారు. పండితులు ముక్కు మూసుకునే బూతు సామెతల్ని, పెద్దలకు మాత్రమే చెప్పుకునే జానపద కథల్ని ఆయన వదల్లేదు. ఆ తెగువ లేనివాడు మాటలు పోగుచేయడానికి బయల్దేరనే కూడదు. 1980ల చివర పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని జానపద సాహిత్యం చెప్పమని పిలిచింది. పట్టా లేని ప్రొఫెసరు. 2021 మే 17న ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. తమిళ పాఠకులు ఆయన్ని ప్రేమగా పిలిచిన పిలుపు 'నైనా'. మన నాయనే.

ఆ దారిలోనే కొంగునాడు మాటలకు పెరుమాళ్ మురుగన్ ఒక నిఘంటువు కూర్చారు. తమిళం ఇలా తన పల్లెల్ని ఒక్కొక్కటిగా దాచుకుంటోంది.

మరి తెలుగు? చేసిన పని చిన్నదేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు నడిపించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో. ఒకే పనిముట్టు ఒకచోట నాగలి, ఇంకోచోట మడక, మరోచోట అరక అని జిల్లాలవారీగా చూపిన పుస్తకమది. గొర్రు, గుంటక, జడ్డిగం అన్నీ ఉన్నాయి. అదను, పదును అన్న జంట ఒక్కటి చాలు మన రైతు చూపు తెలియడానికి: ఒకటి కాలం కుదరడం, ఇంకొకటి మట్టిలో తేమ కుదరడం. ఇంగ్లిషులో 'టిల్త్' అన్న చక్కని పాతమాట ఉంది, దుక్కి దున్నిన మట్టి తీరుకు. అది పదునుకు దరిదాపుల్లోకి వస్తుంది. అదను దగ్గర చేతులెత్తేస్తుంది. అయితే ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. అప్పటికి కొత్తగా గీసిన రాష్ట్రం గీత దగ్గర చీటీల పెట్టె ఆగిపోయింది. అదే రేగడి, అదే గొర్రు, అదే పడుగూ పేకా. గీతకు ఆవల ఉన్నందుకు కోయంబత్తూరు రైతు మాట, మదురై నేతగాడి మాట అందులో పడలేదు. స.వెం. రమేశ్ లాంటివాళ్లు తరవాతి రోజుల్లో సరిహద్దు ఊళ్లు తిరిగి, పులికాట్ చుట్టుపక్కల పలుకుతో 'ప్రళయకావేరి కథలు' రాశారు. అలాంటి చేతులు ఇంకా చాలా కావాలి.

మదురైలో తెలుగుకు ఒకప్పుడు దొరబాబు వైభోగం ఉండేది. పద్యమే సాహిత్యమనుకునే రోజుల్లో తెలుగు వచనం తలెత్తుకుని నడిచింది ఆ కొలువులోనే. విజయరంగ చొక్కనాథుడు స్వయంగా వచనంలో మాహాత్మ్యాలు రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా చెప్పాడు. అవి మిగిలాయి, కాగితం మీదికెక్కాయి కనుక. అదే కాలంలో కోవిల్‌పట్టి చేలో కలుపు తీసినామె ఏం మాట్లాడిందో అప్పుడెవరూ రాసుకోలేదు. ఆమె మునిమనవరాలు మాట్లాడేది ఇప్పటికీ రాసుకోవచ్చు.

తొందరపడాల్సిన అవసరం ఎంతో తెలియాలంటే ఇంగ్లిషువైపే ఒకసారి చూడాలి. లోకమంతా రాజ్యమేలే భాష కదా, దానికేం లోటు అనుకుంటాం. 2007లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు పిల్లల నిఘంటువు నుంచి ఓక్ కాయ, లకుముకిపిట్ట, బ్లూబెల్ పువ్వు పేర్లు తీసేసి బ్లాగు, బ్రాడ్‌బ్యాండ్ చేర్చారు. పిల్లలు వాడే మాటలవేనని వాళ్ల వాదన. అది తప్పనీ అనలేం. దానికి జవాబుగా రాబర్ట్ మక్‌ఫార్లన్ అనే రచయిత 2015లో 'ల్యాండ్‌మార్క్స్' రాసి, నేలకు సంబంధించిన పల్లె మాటలు గుట్టగా పోశాడు. కుందేలు రోజూ దూరి దూరి కంచె అడుగున పడిన సందుకు ససెక్స్‌లో 'స్మ్యూస్' అంటారట. ఆకుల మీద పలచగా పేరుకున్న మంచు ఎండకు తళుక్కుమంటే డెవన్‌లో 'ఆమిల్'. ఈ రెండూ ఇప్పుడు ప్రపంచమంతా మాటలు పోగుచేసేవాళ్ల పుస్తకాల్లో ఉన్నాయి. నీరెండ, మునిమాపు, ముసురు, తొలకరి వాటికి ఏం తీసిపోయాయి? మన పిల్లలకు ఆమిల్ తెలిసి మునిమాపు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. అడిగి రాసుకునే ఆటగా దాన్ని ఎవరూ వాళ్లకు నేర్పలేదు.

కాబట్టి ఇంగ్లిషు మాటల నోటుపుస్తకాన్ని మూసేయమని ఈ వ్యాసం చెప్పడం లేదు. బ్యాండికూట్, రీగర్ దొరికింది ఆ పుస్తకంలోనే. పెట్రికోర్‌కు కాపలా కాసేవాళ్లు లక్షల మంది ఉన్నారు, అది ఎక్కడికీ పోదు. అదే పుస్తకాన్ని వెనకనుంచి తిప్పి, ఎడమవైపు పేజీల్లో ఇంటి మాటలు మొదలుపెట్టమన్నదే మనవి. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. అసలే తక్కువగా ఉన్న తెలుగు బడుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటి తెలుగుకు బడి తోడు లేనప్పుడు దాన్ని నిలపాల్సింది ఇంటివాళ్లే.

కోయంబత్తూరుకో, రాజపాళయానికో, కోవిల్‌పట్టికో పెళ్లికి వెళ్లే చుట్టాలకు, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఒక చిన్న పద్ధతి చెప్పవచ్చు. కొత్తగా వినపడిన మాట దగ్గర నాలుగు సంగతులు రాయండి: మాట, ఎవరన్నారు, ఏ ఊరు, ఏ పని చేస్తూ అన్నారు. మేడ ఇంటివాళ్ల దగ్గరే ఆగకండి. వీధి ఊడ్చే అమ్మనూ, మగ్గం మీది తాతనూ, రాళ్లు కొట్టే అన్ననూ అడగండి. అందరిదీ ఒక్క తెలుగు కాదు. వాళ్లు ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి. బూతుల్ని వదిలేయకండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయండి. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కనుక, గ అని పలికినచోట కింద ఒక చుక్క పెట్టండి. చ-జ, ట-డ, త-ద, ప-బ జంటలకూ అంతే. రేపు ఎవరైనా నిఘంటువు కూర్చడానికి కూర్చుంటే, ఆ చుక్క వాళ్లకు చాలా పని తగ్గిస్తుంది.